గుమ్మానికి అడ్డం పెట్టిన బండ

పంతులు లేని బడి చప్పుడు వేరుగా ఉంటుంది. పంతులు ఉన్న చోట పిల్లలు ఎంత గోల చేసినా అది లేస్తుంది, తగ్గుతుంది, ఒక కేక పడితే ఆగుతుంది. ఎవరూ లేని చోట ఆగదు, పెరుగుతూనే పోతుంది. మొన్న పొద్దున వికారాబాద్‌లో మా ఇంటి వెనక వీధి బడి నుంచి అదే చప్పుడు వచ్చింది. పత్రిక పక్కన పడేసి చెప్పులు వెతుక్కుంటుంటే మా కోడలు వంటింట్లోంచే కనిపెట్టింది.

"మామా, మళ్ల పోతున్నవా? పోయిన వారమే గా మేడంతోని కొట్లాడి వస్తివి. బీపీ గోలి ఏసుకున్నవా?"

"వచ్చినంక ఏసుకుంట."

"పోరగాండ్లను చూసెతందుకు సర్కారు నీకేమన్న జీతమిస్తున్నదా?"

చెప్పులు తొడుక్కుని వెళ్లాను. ఒకటో తరగతి గదిలో పెద్దమనిషి అన్నవాడు లేడు. ఒకడు కిటికీ చువ్వలు పట్టుకుని పైకెక్కాడు, ఇంకొకడు వాడి కాలు పట్టుకుని లాగుతున్నాడు. గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి ఆ పిల్ల మేడం పక్క గదిలోంచి ఫోను పట్టుకుని వచ్చి, "అయిదు నిమిషాలే తాతా, ఆఫీసోళ్లకు లెక్కలు పంపుతున్న" అంది. చెడ్డ పిల్ల కాదు. కానీ ఈ అయిదు నిమిషాల మాట నేను డెబ్బై ఏళ్ల నుంచి వింటున్నాను. పిల్లవాడు పడడానికి అయిదు నిమిషాలు ఎందుకు? చెప్పాల్సింది చెప్పి ఇంటికి వచ్చాను. ముసలోడికి పనిలేదని మా వీధిలో అనుకుంటారు. అనుకోనీ. ఇది ముసలితనంలో వచ్చిన జబ్బు కాదు. ఇరవై ఏళ్ల వయసులో తాండూరులో ఒక మనిషి దగ్గర అంటుకుంది. ఆమె పేరు నీలమ్మ. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

నీలమ్మ భూములున్న ఇంటి కోడలు. అత్తవారిది కోట్‌పల్లి వైపు. భర్త తాండూరు అవతల బండల గని ఒకటి తీసుకుని, అది గాడిన పడకముందే పోయాడు. మరుదులు గని అమ్మేయమన్నారు. ఆమె కూతురు గంగను చంకనేసుకుని వచ్చి గని పక్కనే ఇల్లు కట్టుకుంది. నేను ఆమె దగ్గర చేరేనాటికి నలభై దాటిన మనిషి. గనిలో అందరికీ ఆమె 'అమ్మ'. పొడుగ్గా ఉండేది, కొంగు నడుముకు బిగించి గని అంచున నిలబడితే కింద సమ్మెటలు కొంచెం గట్టిగా పడేవి. పుట్టిల్లు కన్నడ మాట్లాడే వైపు నుంచి వచ్చి వికారాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. కోపం వస్తే కన్నడం వచ్చేది. 'ఏనో నర్సింలూ', అంటే 'ఏంరా' అని, పిలిచిందంటే ఆ రోజు మనకు మూడిందని అర్థం.

నేను బడికి పోలేదు. నా చిన్నతనంలో నిజాం కాలపు బడి ఉర్దూ బడి, అది కూడా ఊళ్లో పెద్దవాళ్ల పిల్లలకు. ఉర్దూ అంకెలు గూడ్సు షెడ్డులో కంది బస్తాల మీద చూసి నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డుల మీద, బెల్లం చుట్టిన కాగితాల మీద. బండల కొలతలు వేసి సుద్దతో రాసే పనికి నన్ను పెట్టుకుంటూ ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "చదువుకున్నోడు గనిల నిలువడు, చదువురానోడు లెక్కల నిలువడు. నువ్వు అటు గాదు ఇటు గాదు. నాకు గట్లాంటోడే కావాలె." మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక పాత పత్రిక ఏది దొరికినా నాతో చదివించుకునేది. మధ్యలో చెయ్యి ఎత్తి ఆపేది. "ఆగు. గా మాట ఆయన ముంగటనే అన్నడా, ఎనకంగ అన్నడా?" రాసి లేదమ్మా అంటే, "మరేం పత్రికరా అది? గదే గద అసలు ముచ్చట" అని విసుక్కునేది. ఒక మనిషి ఎంతటివాడో ఆమె ఆ ఒక్క గీటురాయి మీదే చూసేది. తర్వాత నేను ఎన్నో పుస్తకాలు నా అంతట నేనే చదువుకున్నాను. వాటిలో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు కనిపించలేదు.

నిజాం పాలన పోయిన కొన్నేళ్లకు తెలుగు బడులు ఒక్కొక్కటే వస్తున్నాయి. గని కూలీల పిల్లలకు బడి కావాలని నీలమ్మ తాలూకా కచేరీ చుట్టూ తిరిగి, తన కొట్టం ఒకటి ఇచ్చింది. నాపరాళ్లు నిలబెట్టిన గోడలు, పైన గడ్డి కప్పు, గుమ్మానికి తలుపు లేదు. పంతులుగా వచ్చినవాడు పరాయివాడు కాదు, ఆమె తమ్ముడు వీరన్న కొడుకు శివరాజు. గంగకు మేనబావ. గంగ పుట్టినప్పుడే ఆ ఇద్దరికీ పెళ్లి అనుకున్నారు. పంతులుగిరీ కుదరడంతో ఇక ముహూర్తమే మిగిలిందని అందరం అనుకున్నాం. అతడు గని వైపు వస్తుంటే గంగ నీళ్ల కడవ ఖాళీగా ఉన్నా లేకున్నా బావికి బయలుదేరేది. మొగులప్ప మేస్త్రి ఊరుకుంటాడా? "గంగమ్మా, పొద్దుగాలనే తోడినవు గద బిడ్డా, బాయి ఎండగొడతవా ఏంది?" అని అరిచేవాడు. అందరం నవ్వేవాళ్లం.

శివరాజు మంచి పంతులు. ఇది నేను గట్టిగా చెప్పాలి. ఎక్కాలు పాటలాగా పాడించేవాడు, ఒక్కడిని కొట్టి ఎరగడు. అతడి చిక్కంతా రైలుతో. ఇల్లు వికారాబాద్‌లో, పొద్దున ప్యాసింజర్‌లో దిగి నడిచి వచ్చేవాడు, సాయంత్రం బండి అందుకోవడానికి ముందుగానే లేచేవాడు. రైలు ఆలస్యమైతే బడీ ఆలస్యమే. మధ్యాహ్నం బజారుకు పోయి చాయ్ తాగి రావడం అలవాటు. కానీ గని పని తెల్లవారే మొదలవుతుంది. తల్లులు పిల్లల్ని కొట్టంలో దింపి పనిలోకి దిగేవాళ్లు. బడి ఈడు పిల్లలతో పాటు వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు, నడక సరిగా రాని వాళ్లూ వచ్చేవాళ్లు. ఆ చిన్నవాళ్లు హాజరు పుస్తకంలో లేరు కాబట్టి పంతులు లెక్కలో లేరు. బడిలో ఉన్నారు కాబట్టి తల్లులకు ఫికర్ లేదు.

ఒక వానాకాలం ఉదయం నీలమ్మ పాత గని గుంత వైపు చూసింది. తవ్వి వదిలేసిన గుంత, నిండా పచ్చటి నీళ్లు. దాని అంచున పిల్లలు వరుసగా కూర్చుని కాళ్లు ఊపుకుంటూ రాళ్లు వేస్తున్నారు. ఆమె అరవలేదు, అరిస్తే ఉలిక్కిపడతారని. మెల్లగా వెనక నుంచి పోయి ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఎత్తి వెనక్కి పెట్టింది. ఆ తర్వాత వాళ్లకూ గుంతకూ నడుమ ఒక బండ మీద కూర్చుంది. శివరాజు వచ్చాక చెప్పింది. అతడు నవ్వేశాడు.

"గా రైలు నా మాట ఇంటదా అత్తా? నేను జర ఆలిశ్యమైతే వాళ్లు గడియసేపు ఆడుకుంటరు."

"ఆడుకునే జాగనా అది? నువ్వు తాండూరుల గది తీసుకో. నేను కిరాయి కడత."

"పెండ్లయినంక ఎట్లయిన నీ ఇంట్లనే గద ఉండేది. గా నాలుగు రోజులకు గదెందుకు?"

అల్లుడు కాబోయేవాడు అంత ముద్దుగా అంటే ఏ అత్త గట్టిగా మాట్లాడుతుంది? ఆమె కూడా మాట్లాడలేదు. మొగులప్పను పిలిచి ఉపాయం అడిగింది. బండలు కొట్టేవాళ్లకు ఏ ఉపాయం తోస్తుంది? బండే తోస్తుంది. ఒక పెద్ద నాపరాయి తెచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టారు, పిల్లల మెడల దాకా వచ్చేట్టు. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, పోరగాడు మాత్రం బయటికి రాడు. పొద్దున తల్లులు పిల్లల్ని పై నుంచి లోపలికి దించేవాళ్లు. శివరాజు పొడుగు కాళ్లతో ఒక్క గెంతులో దాటి లోపలికి దూకితే పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. గనిలో అందరికీ సంతోషం. నీలమ్మ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయానని నాతో చెప్పింది.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కొట్టంలోంచి అరుపులు వచ్చాయి. మేమెవరం తల ఎత్తలేదు. పంతులు బజారుకు పోయాడని తెలుసు, అడ్డం బండ ఉందని తెలుసు, పంతులు లేనప్పుడు అరుపులు మామూలే. నీలమ్మ ఒక్కతే నిలబడిపోయింది. "ఇది ఆట చప్పుడు గాదు" అంటూ పరుగెత్తింది. నేను వెనకే ఉరికాను. గడ్డి కప్పులోంచి జారిన పాము ఒకటి నేల మీద ఉంది. పిల్లలంతా గుమ్మం దగ్గరికి వచ్చి బండకు ఒత్తుకుపోయారు. వెనకవాళ్లు ముందువాళ్ల మీదికి ఎక్కుతున్నారు. నీలమ్మ బండను రెండు చేతులా పట్టుకుని గుంజుతోంది. అది కదిలే బండ కాదు, కదలకూడదనే కదా పెట్టించింది. "రండ్రిరా! రండ్రి! ఎవలన్న రండ్రి!" ఆ కేక నేను ఆ తర్వాత మళ్లీ ఎవరి గొంతులోనూ వినలేదు. నేనూ మొగులప్పా ఇంకో ఇద్దరూ కలిసి బండను వెనక్కి పడేశాం. పిల్లలు నీళ్లలాగా బయటికి దొర్లారు. అందరికంటే అడుగున సాయమ్మ కూతురు లచ్చి ఉంది. మూడేళ్ల పిల్ల, బడి పుస్తకంలో పేరు లేనిది. చెయ్యి మోచేతి దగ్గర వంకరపోయి ఉంది. ఏడవడం కూడా లేదు, నోరు తెరిచి చూస్తోంది.

పాము జెర్రిపోతు. కాటు వేసినా ప్రాణం తీసేది కాదు. లచ్చి చెయ్యి విరిచింది పాము కాదు, బండ. శివరాజు అప్పుడే వచ్చాడు, జేబు నిండా పిల్లలకోసం పిప్పరమెంట్లు కొనుక్కుని. జరిగింది విని లచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. నీలమ్మ అతడి వైపు కాకుండా పడి ఉన్న బండ వైపు చూసి, "నేనే పెట్టించిన. పోరగాండ్లకు మనిషి కావాలంటే రాయి తెచ్చిపెట్టిన" అంది.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. నీలమ్మ అంతా చెప్పేస్తానంది. మొగులప్ప చేతులు జోడించాడు. "అమ్మా, పంతులు పోతే మళ్ల గీ రాళ్ల నడుమకు ఎవడొస్తడు?" లచ్చి తల్లి సాయమ్మే వచ్చి బతిమాలింది: "చెయ్యి అతుకుతదమ్మా. బడి పోతే అతుకదు." ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. వికారాబాద్ నుంచి తమ్ముడు వీరన్న దిగాడు. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, ఇంటి మాట ఇంట్లనే ఉండాలె. వాని నౌకరి పోతే చెడేది నీ బిడ్డ బతుకే గద."

"బడి నా ఇల్లు గాదు తమ్మీ. నా ఇల్లే అయితే నీ కొడుకు చెవులు పిండి మూలకు కూసోబెడుతుంటి."

"ఒక్క పాము కోసం మేనరికం ఇడుస్తవా?"

"పాము సంగతి ఎవడడిగిండు? మనిషి లేని సంగతి చెప్తున్న."

వీరన్న మంచినీళ్లు కూడా తాగకుండా స్టేషన్‌కు తిరిగి వెళ్లాడు. తలుపు వెనక గంగ ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తల్లీ అడగలేదు.

తనిఖీ రోజున పిల్లలకు తలలు దువ్వి బొట్లు పెట్టారు. లచ్చిని ఇంట్లోనే ఉంచారు. శివరాజు ముందురోజు సాయంత్రమే వచ్చి తాండూరులో పడుకున్నాడు. కుర్చీ లేదు కాబట్టి మొగులప్ప ఆ అడ్డం బండనే కడిగి రెండు రాళ్ల మీద వేసి ఆసనం చేశాడు. ఇన్‌స్పెక్టరు దాని మీద కూర్చుని, ఎక్కాలు విని తల ఊపి, "మీ బడి భేషుగ్గా ఉంది" అన్నాడు. నీలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"సారూ, నువ్వు కూసున్న బండ ఎక్కడిదో ఎరికేనా?"

ఆయన నవ్వాడు. "తాండూరు బండ. దేశమంతా పోతుంది కదమ్మా."

"ఇది ఎక్కడికీ పోలేదు. గా గుమ్మానికి అడ్డం ఉండె." అని మొదలుపెట్టి అంతా చెప్పింది. రైలు, బజారు, గుంత, పాము, లచ్చి. శివరాజు పక్కనే ఉన్నాడు. అతడి ముఖం చూస్తూనే చెప్పింది. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. మళ్లీ ఆ బండ మీద కూర్చోలేదు.

"అయితే మీ ఫిర్యాదు ఎవరి మీద?"

"ముందుగాల నా మీద. బండ పెట్టించింది నేను. తర్వాత గీ పంతులు మీద. నా తమ్ముని కొడుకే, రేపు నా అల్లుడు గావాల్సినోడు. తర్వాత నీ మీద. ఇంతమంది పసిపోరగాండ్లను ఒక్క మనిషికి అప్పజెప్పి, వాడు దమ్ము తీసుకునే యాళ్ల వీళ్లను ఎవరు చూడాలెనో చెప్పకపోతిరి."

ఆయన శివరాజును అడిగాడు, నిజమేనా అని. "నిజమే సార్" అన్నాడు శివరాజు. రైలును కూడా నిందించలేదు.

అతడిని పరిగి వైపు మార్చారు. గని బడి మూతపడింది. అప్పుడు చూడాలి మా మనుషులను! ఆమె ఎదుట పడితే తల తిప్పుకునేవాళ్లు, వెనక నుంచి మాటలు విసిరేవాళ్లు. "తన బిడ్డ పెండ్లి చెడగొట్టుకున్నది, మన పిల్లల చదువూ చెడగొట్టింది." ఇవాళ తలుచుకున్నా నా రక్తం ఉడుకుతుంది. ఆమె నన్ను పిలిచి, "నీకొచ్చినంత చెప్పు, కొత్త పంతులొచ్చెదాక" అంది. నాకు వచ్చింది ఎంతని! దుకాణాల బోర్డుల తెలుగే చెప్పాను. ఆమె గుమ్మంలో పీట వేసుకుని, లచ్చిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను లేవాల్సి వస్తే ఆమె ఉండాలి, ఆమె లేవాల్సి వస్తే నేను ఉండాలి. ఇద్దరం ఒక్కసారి లేవకూడదు. ఒకసారి మరిచి లేచాను. "ఏనో నర్సింలూ!" అన్న కేకకు పిల్లలు కూడా కూర్చుండిపోయారు. చాలా నెలలకు, ఆమె కచేరీ మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో గానీ, ఇద్దరు పంతుళ్లు వచ్చారు. ఇద్దరూ తాండూరులోనే కాపురం. కొత్త పంతుళ్లు వచ్చాక అందరూ మళ్లీ 'అమ్మా' అన్నారు. వీరన్న మాత్రం రాలేదు. గంగను నవాబుపేటకు ఇచ్చారు. భర్త చెడ్డవాడు కాదు. మాట్లాడడు, అంతే. బావి దగ్గర అంత నవ్విన పిల్ల, పుట్టింటికి వచ్చినప్పుడు కూడా మెల్లగా మాట్లాడేది.

పంతొమ్మిది వందల అరవైలలో ఒకసారి బండల బేరం మీద పరిగికి పోయాను. మధ్యాహ్నం వేళ, దారి పక్కన బడి. గడప మీద శివరాజు కూర్చుని ఒళ్లో గిన్నె పెట్టుకుని రొట్టె తింటున్నాడు. జుట్టు పలచబడింది. ఒక పిల్లవాడు అతడి వీపుకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

"పంతులూ, నడువు, బస్టాండుల చాయ్ తాగొద్దాం" అన్నాను.

"ఇంకో పంతులు తాలూకాకు పోయిండు నర్సింలూ. ఆయనొస్తేనే నేను లేచేది. ఉంటవా జరసేపు?"

ఉన్నాను. పెళ్లి అయిందని, ఒక కొడుకని చెప్పాడు. అత్త ఎలా ఉందని అడిగాడు. లచ్చి చెయ్యి ఎలా ఉందని అడిగాడు. కడవ ఎత్తుతోంది అన్నాను. ఇంకొకరి పేరు నాలుక దాకా వచ్చినట్టుంది, అడగలేదు. రెండో పంతులు ఎంతకూ రాలేదు. చాయ్ తాగకుండానే నేను బస్సెక్కాను.

తాండూరు చేరి నీలమ్మకు చెప్పాను. చేటలో కందులు ఏరుతోంది. చెయ్యి ఆగింది. "మళ్ల చెప్పు. గడప మీదనే కూసున్నడా?" మళ్లీ చెప్పాను. "పోరడు ఆనుకొని పండుకున్నడా?" మూడోసారి చెప్పించుకుంది. ఆమె ముఖం అంత వెలగడం నేను చూడలేదు. చేట కింద పెట్టి, "గంగకు చెప్పకు" అంది.

చెప్పలేదు. నా కడుపులో మాట దాగదని మా ఇంట్లో, వీధిలో, బడిలో అందరికీ తెలుసు. ఇది దాగింది. నీలమ్మ పోయింది. పోయిన ఏడు నవాబుపేటలో గంగమ్మ కూడా పోయింది, మనవలూ మనవరాళ్లూ చుట్టూ ఉండగా. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ముఖం మీద చెప్పడం నీలమ్మ దగ్గరే నేర్చుకున్నాను, ఈ వయసులోనూ చెబుతూనే ఉన్నాను. నోరు తెరిచిన మనిషే కాక, తలుపు వెనక నిలబడ్డ ఇంకొకరు కూడా ఆ మాట బరువు మోస్తారని ఆ ఇంట్లోనే చూశాను. అలాగని ఆ రోజు ఆమె ఊరుకుని ఉండాల్సిందని నేను ఒక్కనాడూ అనుకోలేదు. ఆమె అనుకుందా? ఎవరినైనా ఏదైనా నిలబెట్టి అడిగే నాకు, ఆ ఒక్క మాట ఆమెను అడిగే ధైర్యం రాలేదు.